నిదానం ఎక్కడుందో ముందు వెతుకు

చౌల్దారీ,
దక్షిణ అండమాన్.

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు విశాఖలో వేళకు తింటున్నావనీ, చదువు బాగానే సాగుతోందనీ మీ అమ్మ చెప్పింది. నీ వాయిస్ మెసేజ్ కూడా వినిపించింది. ఫోను మాటిమాటికీ హ్యాంగ్ అవుతోందనీ, క్లాసులో సార్ పంపిన నోట్సు తెరుచుకునేలోపు పాఠం ముందుకు వెళ్లిపోతోందనీ, హాస్టల్లో అందరూ కిస్తీల మీద కొత్త ఫోన్లు తీసుకుంటున్నారనీ అన్నావు. మీ అమ్మ డబ్బు పంపడానికి సిద్ధపడింది. నేనే ఆగమన్నాను. ఆపినవాణ్ణి కాబట్టి ఎందుకు ఆపానో చెప్పడం నా బాధ్యత. ఇదంతా ఫోన్లో చెబితే సగం చెవిన పడదు. కాగితం మీద ఉంటే పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చేసుకుంటూ పోవచ్చు. అందుకే ఉత్తరం.

నువ్వు అడిగింది తప్పని నేను అనడం లేదమ్మా. ఈ రోజుల్లో నోట్సు, ఫీజు, బ్యాంకు, ఓటీపీ, ఇంటికి వీడియో కాలు అన్నీ ఆ ఫోన్లోనే. అది మొరాయిస్తే చదువు కుంటుపడుతుంది. నా బాధల్లా ఒక్కటే. ఫోను ఎందుకు నిదానించిందో తెలియకుండా కొత్తది కొంటే, అదే కారణం కొత్త ఫోన్లోకీ వస్తుంది. రెండేళ్లు తిరిగేసరికి మళ్లీ ఇదే మాట, మళ్లీ ఇదే ఖర్చు.

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ టెలిఫోను లైన్ల మీదే బతికాను. ఫోను మోగడం లేదని ఫిర్యాదు వస్తే కొత్త ఫోను చంకన పెట్టుకుని వెళ్లేవాళ్లం కాదు. తప్పు ఎక్స్‌ఛేంజిలో ఉందా, లైన్లో ఉందా, ఇంట్లో ఉందా అని ముందు తేల్చేవాళ్లం. మధ్యలో ఒకచోట లైను విడదీసి పరీక్షిస్తే ఏ సగంలో తప్పుందో తెలిసిపోయేది. ఆ సగాన్ని మళ్లీ సగం చేసేవాళ్లం. చివరికి ఒక జాయింటు దగ్గర తేలేది. నీ ఫోను విషయంలోనూ అదే పద్ధతి పట్టు.

మొదటి పరీక్ష చాలా చిన్నది. ఫోను ఒకసారి ఆపి మళ్లీ వెయ్యి. తర్వాత ఏరోప్లేన్ మోడ్ పెట్టి డయల్ ప్యాడ్, కెమెరా, గ్యాలరీ తెరిచి చూడు. వీటికి నెట్‌తో పని లేదు. ఇవి కూడా ఈడ్చుకుంటూ తెరుచుకుంటే తప్పు ఫోన్లోనే ఉంది. ఇవి చకచకా తెరుచుకుని, నెట్ పెట్టాక మాత్రమే అన్నీ ఆగుతుంటే తప్పు నెట్‌ది. హాస్టల్ వైఫైని ఎంతమంది పంచుకుంటున్నారో చూసుకో. అన్నీ బాగుండి ఒక్క యాప్ మాత్రమే మొరాయిస్తుంటే ఆ యాప్‌ను అప్‌డేట్ చెయ్యి, దాని క్యాషె తుడువు, అప్పటికీ కుదరకపోతే తీసేసి మళ్లీ వేసుకో. క్యాషె తుడిస్తే తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లే పోతాయి. దాని పక్కనే ఉండే క్లియర్ డేటా నొక్కితే లాగిన్‌తో సహా అన్నీ పోతాయి. ఆ రెండింటి తేడా మరిచిపోకు.

ఈ పరీక్ష మనకెందుకు ముఖ్యమో చెబుతాను. మన దీవుల్లో ఏది నిదానించినా నెట్ మీద వేయడం అలవాటు. అలవాటుకు కారణం లేకపోలేదు. 2020 వరకూ మనకు బయటి ప్రపంచంతో ఉన్న ఇంటర్నెట్ దారి ఉపగ్రహమే. ఉన్న కొద్ది బ్యాండ్‌విడ్త్‌ను దీవులన్నీ పంచుకునేవి. ఒక ఫొటో పోవాలన్నా ఎదురుచూపే. చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేయడానికి 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగింది. 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. మొత్తం 2,300 కిలోమీటర్ల పొడవు. అప్పటికి పోర్ట్‌బ్లెయిర్‌గానే ఉన్న మన శ్రీ విజయపురంతో పాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ దానికి కలిశాయి. కేబుల్ వచ్చాక దారి వెడల్పయింది. మన అనుమానం మాత్రం ఇంకా ఆ పాత దారి మీదే ఉండిపోయింది. ఇక్కడున్నప్పుడు నువ్వు కూడా ‘నెట్ లేదు మావయ్యా’ అనేదానివి. ఇప్పుడు విశాఖలో ఉన్నావు, సిగ్నల్ నిండుగా ఉందంటున్నావు, అయినా ఫోను తీరు మారలేదు. కాబట్టి నీ తప్పు ఫోన్లోనే ఉంటుందని నా అంచనా. ఏరోప్లేన్ మోడ్ ఆ మాట ఖాయం చేస్తుంది.

రెండోది స్టోరేజ్. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి ఎంత నిండిందో చూడు. తొంభై శాతం దాటి ఉంటే సగం జవాబు దొరికినట్టే. ఎందుకో నీకు తెలియాలి, నువ్వు చదివేది ఎలక్ట్రానిక్స్ కదా. ఫోన్లో ఉండేది ఫ్లాష్ మెమరీ. అందులో రాయడం చిన్న చిన్న పేజీలుగా జరుగుతుంది, చెరపడం మాత్రం పేజీలన్నీ కలిసిన పెద్ద బ్లాకులుగానే సాధ్యం. ఖాళీ బ్లాకులు ఉన్నంతసేపు కొత్తది నేరుగా రాసేస్తుంది. అవి అయిపోయాక, ఏదైనా రాయాలంటే ముందు ఒక బ్లాకులో పనికొచ్చేవాటిని పక్కకు చేర్చాలి, బ్లాకు చెరపాలి, అప్పుడు రాయాలి. నువ్వు ఒక్క మెసేజ్ పంపినా వెనక ఇంత పని. ధర తక్కువ ఫోన్లలో ఎక్కువగా ఉండే ఈఎంఎంసీ రకం మెమరీ యూఎఫ్ఎస్ అనే ఇంకో రకం అంత చురుకైనది కాదు, కాబట్టి ఈ భారం మరీ తెలుస్తుంది. నువ్వు చెరిపేసిన ఫైళ్ల జాగా ఏదో ఆ మెమరీకి తెలియజేసే ట్రిమ్ అనే ఏర్పాటు 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.3 నుంచి ఉంది. ఫోను వాడకుండా పక్కన పెట్టినప్పుడు అది పని చేసుకుంటుంది. స్టోరేజ్‌లో ఐదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచడం నా నియమం. నువ్వూ అదే పాటించు.

మరి ఎందుకు నిండుతుంది? ఇక్కడ మన దీవుల అలవాటు ఒకటి చెప్పాలి. నెట్ దొరకని రోజుల్లో చేతికొచ్చిన దాన్ని వదిలేవాళ్లం కాదు. మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో వచ్చేవాళ్లు పెన్‌డ్రైవులో సినిమా తెస్తే అది అందరి ఫోన్లలోకీ ఎక్కేది. మళ్లీ దొరుకుతుందో లేదో అన్న భయంతో ఏదీ చెరిపేవాళ్లం కాదు. ఆ రోజులకు అది సరైన పద్ధతే. కేబుల్ వచ్చాక చేరడం పెరిగింది, చెరపడం మాత్రం పెరగలేదు. పైగా వాట్సాప్. ఊరి గ్రూపు, చుట్టాల గ్రూపు, పాత బడి గ్రూపు, కాలేజీ గ్రూపు. పొద్దున్నే పూలు, దేవుళ్లు, శుభోదయాలు. ఇది మన ఒక్కరి బాధ కాదు. భారతీయులు పంపుకునే గుడ్ మార్నింగ్ బొమ్మలు ఫోన్లను నింపేస్తున్నాయని గూగుల్ పరిశోధకులు గమనించిన సంగతిని 2018 జనవరిలో అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్ పెద్ద కథనంగా రాసింది. అలాంటి బొమ్మలను వెతికి తీసేయడానికి వీలిచ్చే ఫైల్స్ గో యాప్‌ను గూగుల్ అంతకు ముందు నెలలోనే విడుదల చేసింది. ఇప్పుడు దాని పేరు ఫైల్స్. చాలా ఫోన్లలో అది ముందే ఉంటుంది.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరువు. ఐదు ఎంబీ దాటినవి, పదేపదే ఫార్వర్డ్ అయినవి విడిగా చూపిస్తుంది. అక్కడినుంచి మొదలుపెట్టు. స్టోరేజ్ అండ్ డేటాలోనే ఉండే ఆటో డౌన్‌లోడ్‌లో వీడియోలు ఆపెయ్యి. కావలసినప్పుడు నువ్వే నొక్కి దించుకోవచ్చు. అయితే చెరిపే ముందు ఒక్క పని తప్పకుండా చెయ్యి. అమ్మమ్మ వాయిస్ మెసేజ్‌లు, మీ నాన్న పడవ దగ్గర దిగిన ఫొటోలు, నీ సర్టిఫికెట్ల స్కాన్లు ముందు వేరే చోట కాపీ చేసుకో. గూగుల్ ఖాతాలో ఉచితంగా దొరికే జాగా 15 జీబీ. 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కించే ఫొటోలన్నీ ఆ లెక్కలోకే వస్తున్నాయి. అది చాలకపోతే కంప్యూటర్లోనో పెన్‌డ్రైవులోనో పెట్టుకో. ఫోను చురుకుదనం కోసం అమ్మమ్మ గొంతు పోగొట్టుకోకూడదు. ఫోన్లో మెమరీ కార్డు ఉంటే అదీ ఒకసారి తీసి చూడు. నాసిరకం కార్డు ఒక్కటే గ్యాలరీని మొత్తంగా ఆపేయగలదు. కార్డు తీయగానే ఫోను తేలికపడితే దొంగ దొరికినట్టే. యాప్‌లను మాత్రం కార్డు మీద పెట్టకు.

మూడోది యాప్‌లు. ఫోను వేగం పెంచుతాం, చెత్త ఊడుస్తాం, వైరస్ చంపుతాం అని చెప్పుకునే యాప్ ఒక్కటి కూడా నీ ఫోన్లో ఉండకూడదు. అవి రాత్రింబవళ్లు వెనక నడుస్తూ, ప్రకటనలు చూపిస్తూ, తామే ఫోనును బరువెక్కిస్తాయి. ఇష్టం వచ్చినట్టు ప్రకటనలు చొప్పించినందుకు గూగుల్ 2020 ఫిబ్రవరిలో ప్లే స్టోర్ నుంచి దాదాపు 600 యాప్‌లు తొలగించింది. అదే ఏడాది జూన్ 29న దేశ భద్రత, సార్వభౌమత్వం కారణాలు చూపి మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌ల జాబితాలో క్లీన్ మాస్టర్, డీయూ క్లీనర్, వైరస్ క్లీనర్ ఉన్నాయి. నెట్ లేని రోజుల్లో మనం ఒకరి ఫోను నుంచి ఇంకొకరి ఫోనుకు పంపుకోవడానికి వాడుకున్న షేర్‌ఇట్, జెండర్ కూడా అందులోవే. ఆ పంపకాల్లో సినిమాలతో పాటు యాప్‌లూ చేతులు మారేవి. ప్లే స్టోర్ నుంచి రాకుండా అలా ఎక్కిన యాప్ ఏదైనా నీ ఫోన్లో మిగిలి ఉంటే ఇప్పుడే తీసెయ్యి. అది ఎవరి చేతుల్లో మారి వచ్చిందో మనకు తెలియదు.

ఏ యాప్ వల్ల తప్పు జరుగుతోందో తేల్చడానికి సేఫ్ మోడ్ ఉంది. పవర్ బటన్ నొక్కి, తెర మీద కనిపించే పవర్ ఆఫ్ మీద వేలు అదిమి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్ అడుగుతుంది. అందులో కంపెనీ ఇచ్చిన యాప్‌లే పనిచేస్తాయి, మనం వేసుకున్నవన్నీ ఆగిపోతాయి. అక్కడ ఫోను చురుగ్గా ఉంటే తప్పు మనం వేసుకున్నదాంట్లోనే ఉంది. మామూలుగా రీస్టార్ట్ చేసి, ఈమధ్య వేసుకున్నవాటిని ఒక్కొక్కటే తీస్తూ చూడు. లైను సగం చేయడమంటే ఇదే. సేఫ్ మోడ్‌లోనూ ఈడుస్తుంటే తప్పు ఇంకా లోపల ఉంది.

అన్నట్టు, తెర మీద ఉన్న యాప్‌లన్నీ మాటిమాటికీ పైకి తోసేసే అలవాటు నీకుంది. అది మానుకో. ఆండ్రాయిడ్‌కు పునాది లినక్స్. ర్యామ్ ఖాళీగా ఉంచాలని అది చూడదు. నువ్వు మళ్లీ తెరుస్తావని వాడిన యాప్‌లను ర్యామ్‌లో అలాగే ఉంచుతుంది. జాగా చాలకపోతే అవసరం తక్కువైనదాన్ని తానే దించేస్తుంది. నువ్వు తోసేసిన యాప్‌ను మళ్లీ తెరిస్తే అది మొదటినుంచి లేవాలి. దానికి సమయం, బ్యాటరీ రెండూ ఎక్కువే పోతాయి. గడ్డకట్టిన యాప్ ఒక్కదాన్నే ఫోర్స్ స్టాప్ చెయ్యి, చాలు.

నాలుగోది వేడి, బ్యాటరీ. ప్రాసెసర్ కాలిపోకుండా ఉండాలంటే వేడెక్కినప్పుడు తన వేగం తానే తగ్గించుకోవాలి. ఛార్జింగ్ పెట్టి, దళసరి కవరు వేసి, రేకుల గదిలో వీడియో కాలు మాట్లాడితే ఏ ఫోనైనా నిదానిస్తుంది. విశాఖ ఎండలు, ఉక్కపోత నీకు చెప్పనక్కర్లేదు. కవరు తీసి, ఛార్జింగ్ తీసి, చల్లబడ్డాక చూడు. పొద్దున చురుగ్గా ఉండి మధ్యాహ్నం ఈడుస్తుంటే కారణం వేడే. ముసలి బ్యాటరీ ఇంకో కారణం. లిథియం బ్యాటరీ వాడేకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే వోల్టేజి పడిపోతుంది, ఫోను ఆగిపోతుంది. అలా ఆగకుండా పాత ఐఫోన్ల వేగాన్ని తామే తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. బ్యాటరీ మార్చగానే ఆ ఫోన్లు మళ్లీ పుంజుకున్నాయి. నీ ఫోను ఇరవై ముప్పై శాతం ఉండగానే ఆరిపోతుంటే కంపెనీ సర్వీస్ సెంటర్లో బ్యాటరీ చూపించు. కొత్త ఫోను ధరతో పోలిస్తే బ్యాటరీ ఖర్చు చాలా తక్కువ. ఇక్కడైతే విడిభాగం మెయిన్‌ల్యాండ్ నుంచి రావాలి, ఎదురుచూడాలి. నువ్వు ఉన్నది విశాఖలో, ఆ సౌకర్యం వాడుకో. ఒక జాగ్రత్త. వెనక మూత ఉబ్బి లేచినట్టుంటే ఇక ఛార్జింగ్ పెట్టకు, గుచ్చకు, ఆరోజే తీసుకెళ్లి చూపించు.

ఐదోది అప్‌డేట్. పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజు ఫోను మందగించడం సహజం. యాప్‌లను కొత్త పద్ధతికి సర్దుకునే పని, ఫోను ఛార్జింగ్‌లో ఉండి ఎవరూ వాడనప్పుడు వెనక జరుగుతుంది. ఒకటి రెండు రాత్రులు అలా వదిలెయ్యి. అప్పటికీ సర్దుకోకపోతే ఆ ఫోనుకు అది బరువైన అప్‌డేటే కావచ్చు. ఇలా జరుగుతుందనడానికి సాక్ష్యం ఉంది. 2018 అక్టోబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోల జరిమానా వేసింది. గెలాక్సీ నోట్ 7 కోసం తయారైన ఆండ్రాయిడ్‌ను నోట్ 4 వాడేవాళ్లతో వేయించి, వాటి పనితీరు దెబ్బతినేలా చేశారన్నది అభియోగం. అలాగే ఆపిల్‌కూ కోటి యూరోల జరిమానా పడింది. అలాగని భద్రతా అప్‌డేట్లు మానకు. నీ బ్యాంకు డబ్బుకు అవే కాపలా.

ఇవన్నీ చేశాక కూడా మారకపోతే చివరి మందు ఫ్యాక్టరీ రీసెట్. అది ఫోనును కొన్ననాటి స్థితికి తెస్తుంది, లోపల ఉన్నవన్నీ పోతాయి. అందుకని వాట్సాప్ బ్యాకప్, ఫొటోలు, కాంటాక్టులు ముందు భద్రం చేసుకో. గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకో. దొంగతనం నుంచి కాపాడడానికి 2015 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక తాళం పెట్టారు. రికవరీ మెనూ నుంచి రీసెట్ కొట్టిన ఫోను పాత ఖాతా వివరాలు ఇస్తే తప్ప తెరుచుకోదు. పాస్‌వర్డ్ మరిచిపోయి సొంత ఫోన్ల ముందే కూర్చుండిపోయినవాళ్లు ఉన్నారు. రీసెట్ అయ్యాక పాత యాప్‌లన్నీ ఒకేసారి ఎక్కించకు. చదువుకు కావలసినవి వేసి, రెండు రోజులు వాడి చూసి, తర్వాత మిగతావి.

ఇక కొత్తది ఎప్పుడు కొనాలి? ఇది కూడా ఖచ్చితంగా చెబుతాను, లేకపోతే నా మాట మొండితనం అవుతుంది. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయి, బ్యాంకు యాప్ ఈ ఫోన్లో పనిచేయనంటే కొనాలి. శుభ్రంగా రీసెట్ చేసి నాలుగే యాప్‌లు వేసినా ఈడుస్తుంటే, అంటే ర్యామ్ ఈనాటి యాప్‌లకు చాలకపోతే కొనాలి. బాగుచేసే ఖర్చు ఫోను ధరలో సగం దాటితే కొనాలి. అప్పుడు కూడా కిస్తీ వద్దు. ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో, విడిభాగాలు దొరుకుతాయో లేదో ముందు అడుగు. ఐరోపాలో 2025 జూన్ 20 నుంచి ఫోను అమ్మకం ఆపిన తర్వాత కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు, ఏడేళ్లు విడిభాగాలు ఇవ్వాలని చట్టమే ఉంది. ఆ మాట మన దగ్గర అడిగి తెలుసుకోవలసి వస్తోంది. కెమెరాల సంఖ్య కన్నా ఆ ప్రశ్న ముఖ్యం.

ఇలా ఎందుకు పట్టుబడుతున్నానంటే, మన దీవులకు చాలా వస్తువులు ఓడ మీదే రావాలి. పాడైన బ్యాటరీ, పగిలిన ఫోను ఈ నేలలో పూడిస్తే ఇక్కడి నీళ్లనే పాడుచేస్తాయి. చిన్నప్పటినుంచి ఇక్కడ పెరిగినదానివి, వస్తువును ఆఖరిదాకా వాడుకోవడం మనకు కొత్త కాదు. రెండోది నీ చదువు. రేపు నువ్వు ఏ కంపెనీలో చేరినా, ఏ షాపు పెట్టినా, నీ ముందుకు వచ్చేవాళ్లు ‘పనిచేయడం లేదు’ అనే అంటారు. ఎక్కడ పనిచేయడం లేదో కనుక్కునే పని నీది. అది నేర్చుకోవడానికి నీ చేతిలో ఉన్న ఫోను కన్నా మంచి పాఠం దొరకదు.

రోజుకు ఒక్క పరీక్షే చెయ్యి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగయిందో తెలియదు. ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అని నోట్సులో రాసుకో. స్టోరేజ్ ఎంత నిండి ఉందో, ఏరోప్లేన్ మోడ్‌లో గ్యాలరీ ఎలా తెరుచుకుందో, సేఫ్ మోడ్‌లో ఏం జరిగిందో ఈ మూడూ నాకు మెసేజ్ పెట్టు. అన్నీ చేశాక కూడా ఫోను లేవకపోతే కొత్తదానికి డబ్బు పంపమని మీ అమ్మతో నేనే చెబుతాను, నా వంతూ కలుపుతాను. లేచి నిలబడితే ఆ డబ్బు సెలవుల్లో నువ్వు ఇంటికి రావడానికి ఓడ టిక్కెట్టుకు ఉంటుంది.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
నీ మేలు కోరే
మావయ్య